భూసంపర్కాధికారి

క్యాంటీన్లో నీళ్ల కూలరు మీద చెయ్యేసిన డిప్యూటీ మేనేజరు గారికి చిన్న షాకు కొట్టింది. ఆయన "అమ్మో" అని చెయ్యి విదిలించారు. రెండో చేతిలో ఉన్న పెసరట్టు కింద పడింది. జరిగింది అంతే. కూలరు వెనకాల ఊడిన తీగను ఎలక్ట్రీషియను కాసేపట్లో బిగించేశాడు. ఇంకో చోటయితే సంగతి అక్కడితో సద్దుమణిగేది. కానీ అది రాష్ట్ర బస్సు విడిభాగాల సంస్థ. అక్కడ ఏదైనా ఒకసారి జరిగిందంటే దానికో పథకం, ఆ పథకానికో పేరు, ఆ పేరుకో బ్యానరు ఉండి తీరాలి.

వారం తిరిగేసరికి గేటు మీద బ్యానరు వెలిసింది. "షాకు రహిత సంస్థగా ఎదుగుదాం!" ఎడమవైపు జనరల్ మేనేజరు పరాంకుశం గారి బొమ్మ, కుడివైపు భద్రతాధికారి కోదండపాణి గారి బొమ్మ, మధ్యలో బల్బు. బల్బు వెలగడం లేదు. అది కావాలనే అలా వేయించారని కోదండపాణి గారు అడిగిన వాళ్లకీ అడగని వాళ్లకీ చెప్పుకున్నారు.

బ్యానరు వెంటే సర్క్యులరు వచ్చింది. "సంస్థ ఆవరణలో విద్యుత్తును వహించు స్వభావము గల సమస్త వస్తువులను గుర్తించి, వాటికి తక్షణమే రబ్బరు తొడుగు వేయవలెను. తొడుగుకు వీలుకాని వస్తువులను తొలగించవలెను. ఎట్టి మినహాయింపులూ లేవు."

ఆ సర్క్యులరు పెయింటు షాపుకి, అంటే రంగులేసే విభాగానికి, వచ్చినప్పుడు నూకరత్నం కొత్త రంగు మిషను పక్కన నిలబడి, రంగు కింద పూసే ప్రైమరు డబ్బా మూత తీయిస్తోంది.

నూకరత్నం పెయింటు షాపులో ప్రొబేషనరీ ఇంజనీరు. వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. తండ్రి లేడు. తల్లి భీమిలిలో బస్టాండు పక్కన ఇడ్లీ బండి నడుపుతుంది. నూకరత్నానికి పని వచ్చు, కష్టపడటం వచ్చు, అడిగినదానికి ఉన్నదున్నట్టు జవాబు చెప్పడం వచ్చు. ఈ మూడోదే ఆ సంస్థలో కాస్త ఇబ్బందికరమైన గుణం.

ఆమె ప్రొబేషను నెలాఖరుకి అయిపోతుంది. పర్మినెంటు కావాలంటే ఒకటే షరతు. కొత్త పెయింటు లైను ఛైర్మన్ గారి ఎదుట నడవాలి. సిటీ బస్సుల ప్లాస్టిక్ బంపర్లకి ముందూ వెనకా ఒక్క తీరుగా పసుపురంగు పడాలి. పడితే ఉద్యోగం. లేకపోతే ఇంటికి.

ఇంటికి వెళ్లడానికి వీల్లేకుండా తల్లి అప్పటికే చేయాల్సింది చేసి పెట్టింది.

"ఏటే, ఇంకా పర్మినెంటు అవ్వలేదేటి?" అంది ఫోనులో.

"నెలాఖరుకి తేలుతుందమ్మా."

"ఓలమ్మా! నానప్పుడే ఈదంతా సెప్పీసినానే! మైసూరుపాకులు కూడా పంచీసినాను!"

"ఎవరు పంచమన్నారే నిన్ను?"

"సదివినోలికి ఉజ్జోగం వొచ్చిందంటే అయిపోయినట్టే అనుకున్నాను. ఇప్పుడు పంచినియ్యి ఎనక్కి అడగమంటావేటి? ఎలాగోలాగ అయిపో, మరి."

అలా ఎలాగోలాగ అయిపోవాల్సిన పరిస్థితిలో ఉంది నూకరత్నం.

*

కోదండపాణి గారు జేబులో టెస్టరు పెట్టుకుని తనిఖీకి వచ్చారు. పొడుగ్గా, సన్నగా ఉంటారు. నడిచేటప్పుడు రెండు చేతులూ ఒంటికి దగ్గరగా పెట్టుకుంటారు, ప్రపంచంలో ఏది తగిలినా షాకు కొడుతుందేమోనన్నట్టు. డబ్బా మీద రాసింది చదివారు. "విద్యుద్వాహక ప్రైమరు." చదివిన వెంటనే ఒకడుగు వెనక్కి వేశారు.

"ఏమ్మా, దీంట్లోంచి కరెంటు పారుతుందా?"

"పారుతుందండి. పారడానికే కొన్నామండి."

తుపాకీలాంటి స్ప్రే గన్ తుడుచుకుంటున్న మస్తాన్ భాయ్ నెత్తి కొట్టుకున్నాడు. ఆయన ఆ షాపులో ముసలైపోయిన పెయింటరు. ఏ మాట ఎవరి ముందు అనకూడదో బాగా తెలిసినవాడు.

నూకరత్నం ఓపిగ్గా వివరించింది. "దువ్వెనతో తల దువ్వుకుని కాగితం ముక్కల దగ్గర పెడితే, అవి ఎగిరొచ్చి అతుక్కుంటాయి కదండీ. ఇదీ అంతేనండి. ఈ గన్ను రంగు తుంపరలకి కరెంటు ఎక్కించి వదులుతుంది. కరెంటెక్కిన తుంపర నేలతో కలిసి ఉన్న వస్తువు ఎక్కడుందా అని వెతుక్కుంటూ పోయి దానికి చుట్టుకుంటుంది. ముందు నుంచి కొట్టినా వెనక్కి కూడా వెళ్తుంది. రంగు వృథా కాదు. ఇనుప వస్తువైతే బాధ లేదు. మనది ప్లాస్టిక్ బంపరు, కరెంటు పారదు. అందుకని ముందు ఈ నల్ల ప్రైమరు పూస్తాం. అప్పుడు బంపరు నుంచి కొక్కేనికి, కొక్కెం నుంచి అది వేలాడే పైన ఇనప పట్టాకి, పట్టా నుంచి ఈ రాగి తీగ మీదుగా నేలలోకి దారి దొరుకుతుందండి."

కోదండపాణి గారు అంతా విన్నారు. శ్రద్ధగానే విన్నారు. అదే ప్రమాదం.

"ప్లాస్టిక్కి కరెంటు పారదు. అంతేనా?"

"అంతేనండి."

"అంటే అది పుట్టుకతోనే సురక్షితమైన వస్తువు."

"అనుకోవచ్చండి."

"సురక్షితమైన వస్తువుని ప్రజాధనంతో ప్రమాదకరమైన వస్తువుగా మారుస్తున్నారన్నమాట!"

మస్తాన్ భాయే అందుకున్నాడు. "సార్, అది బంపరు సార్. ట్రాన్స్‌ఫార్మరు కాదు."

"నిన్నటివరకు కాదు," అన్నారు కోదండపాణి గారు. "ఈ పూత పూశాక అదేమిటన్నది నిర్ణయించాల్సింది భద్రతా విభాగం."

సాయంత్రానికల్లా నిర్ణయించేశారు. ప్రైమరు పూసిన ప్రతి బంపరూ ఒక విద్యుత్ స్థావరం. ప్రతి స్థావరానికీ పుర్రె, ఎముకల గుర్తుతో ఎర్ర బోర్డు ఉండాలి. మర్నాడు పెయింటు షాపులో బంపర్లు వరసగా మెడలో పుర్రెలు వేలాడేసుకుని కొక్కేలకి వేలాడుతుంటే, టీ తెచ్చిన క్యాంటీన్ మనిషి గుమ్మంలోనే గ్లాసులు పెట్టి వెళ్లిపోయాడు.

*

పరాంకుశం గారి గదిలో మీటింగు జరిగింది. పరాంకుశం గారు చెడ్డవారు కారు. బొద్దుగా, మెత్తగా ఉంటారు. సర్వీసంతా ఫైళ్ల మీద సంతకాలు పెడుతూ గడిపారు. ఏ ఫైలు ఎక్కడికి వెళ్లిందో, వెళ్లినందువల్ల ఎక్కడేం కదిలిందో ఆయనకి ఎప్పుడూ తెలియలేదు. తెలుసుకోబోతే దానికింకో ఫైలు పెట్టాలని కింది వాళ్లన్నారు, అంతటితో ఆయన మానుకున్నారు.

"సార్, ప్రైమరు మీద రబ్బరు తొడుగు వేస్తే రంగు పడదండి," అంది నూకరత్నం.

"ప్రైమరు వద్దని మేము అనడం లేదు," అన్నారు కోదండపాణి గారు. "కొన్న సరుకు వాడకపోతే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. పూయండి. పూసిన పిమ్మట దాని మీద కరెంటు పారని వార్నిషు పూయండి."

"మరి అప్పుడు ప్రైమరు పూసి ఉపయోగం ఏముందండి?"

పరాంకుశం గారు చెయ్యెత్తి ఇద్దరినీ ఆపారు. రాజీ కుదర్చడం ఆయనకి ఇష్టమైన పని. కళ్లు మూసుకుని, గొంతు సవరించుకుని, స్టెనో వైపు తిరిగి చెప్పారు. "సదరు ప్రైమరు స్వభావరీత్యా వాహకమైనను, ఆచరణలో విద్యుత్తును వహించరాదు."

కోదండపాణి గారు తృప్తిగా తలూపారు. వాక్యం నిజంగానే చాలా బాగుంది. స్టెనో రెండుసార్లు చదివి వినిపించాడు.

"ఇంకొకటి సార్," అన్నారు కోదండపాణి గారు. "ఆ మిషను దగ్గరొక రాగి తీగ ఉంది. విద్యుత్తుని నేరుగా భూమిలోకి తీసుకెళ్తోంది. ఒంటి మీద తొడుగు కూడా లేదు."

"లేదా?" పరాంకుశం గారు ఉలిక్కిపడ్డారు.

"దిగంబరంగా ఉంది సార్."

తీగ తీసేశారు. ప్రైమరు మీద వార్నిషు పూశారు. కొక్కేలకి రబ్బరు గొట్టాలు తొడిగారు. పైన పట్టాకి నల్ల టేపు చుట్టారు. బూత్ నేల మీద, అంటే బంపర్లకి రంగు కొట్టే ఆ అద్దాల గది నేల మీద, రబ్బరు షీటు పరిచారు. మస్తాన్ భాయ్‌కి మోచేతుల దాకా రబ్బరు గ్లవ్సులు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేశారు. ఆయన అద్దంలో చూసుకుని, "నన్ను చూస్తే మా ఆవిడ తలుపు తియ్యదు," అన్నాడు.

ట్రయల్ వేశారు. గన్నులోంచి పసుపురంగు పొగలా వచ్చింది. వచ్చి, బంపరు దాకా వెళ్లి, ఆగింది. ఇక్కడ మనవాళ్లెవరూ లేరనుకున్నట్టు అటూ ఇటూ తిరిగి, గాల్లో కాసేపు వేలాడి, మెల్లగా షీటు మీదకి దిగింది. బంపరు మీద అక్కడక్కడా చుక్కలు పడ్డాయి. ఆటలమ్మ పోసినట్టుంది.

ట్రయల్ అయ్యాక మస్తాన్ భాయ్ ఒక గ్లవ్సు తీసి తలుపు పిడి మీద చెయ్యేశాడు. టప్పున మెరిసింది. "యా అల్లా!" అని ఎగిరి గెంతాడు. ఒంట్లో చేరిన కరెంటుకి కాళ్ల నుంచి పోయే దారి లేదు, రబ్బరు కదా. దొరికిన మొదటి ఇనప ముక్కలోకి దూకేసింది.

నూకరత్నం పరుగున వెళ్లి కోదండపాణి గారికి చెప్పింది. "సార్, ఇది నవ్వులాట కాదండి. మనం వాడే రంగులో థిన్నరుంది. దాని ఆవిరి ఉన్నచోట ఇలా మెరిస్తే మంటలు లేస్తాయి."

కోదండపాణి గారు నింపాదిగా అన్నారు. "అమ్మా, మాది షాకు విభాగం. మంటలది వేరే విభాగం. వాళ్ల పనిలో మనం వేలు పెట్టకూడదు."

నూకరత్నం ఇంక ఎవరినీ అడగలేదు. ఆ పూటే థిన్నరు కలిపిన రంగంతా బయటికి పంపించేసి, నీళ్లతో కలిపే రంగు తెప్పించింది. అది వచ్చి పాత డబ్బాలు గేటు దాటాకే భోజనానికి వెళ్లింది.

కానీ షాకు కొట్టిన మాట మాత్రం రిపోర్టయింది. షాకు రహిత సంస్థలో షాకు! కోదండపాణి గారు వెంటనే కారణం కనిపెట్టారు. రబ్బరు చాలలేదు.

ఇక ఆఫీసులో అందరికీ రబ్బరు బూట్లు వచ్చాయి. టైపిస్టులకి, అకౌంట్సు వాళ్లకి, అటెండర్లకి, తోటమాలికి కూడా. నున్నటి వినైలు నేల మీద రబ్బరు బూట్లు ఈడ్చుకుంటూ నడిస్తే మనిషి ఒంట్లో కరెంటు పోగవుతుందని నూకరత్నం చెప్పి చూసింది. ఎవరూ వినలేదు. వినకపోయినా అది పోగయింది. అల్మారా తెరవబోతే టప్పు. కుళాయి తిప్పబోతే టప్పు. అకౌంట్సులో ఒకాయనకి ప్రమోషన్ వస్తే అభినందించబోయిన వాళ్లందరికీ వరసగా టప్పు టప్పు టప్పు. ఆయన మొహం మాడ్చుకుని, "నేనంటే మీకింత కుళ్లని తెలీదు," అన్నాడు.

అల్మారాలకి రబ్బరు వేశారు. కుళాయిలకి రబ్బరు వేశారు. కరచాలనం నిషేధిస్తూ సర్క్యులరు వచ్చింది. "ఉద్యోగులు పరస్పరం నమస్కరించుకొనవలెను. నమస్కరించునపుడు ఎవరి చేతులు వారివి మాత్రమే తాకవలెను." రబ్బరు పెరిగినకొద్దీ షాకులు పెరిగాయి, షాకులు పెరిగినకొద్దీ రబ్బరు పెరిగింది. అది చూసి పై ఆఫీసు వాళ్లు పథకం మంచి ఊపు మీద ఉందని మెచ్చుకున్నారు.

మస్తాన్ భాయ్ అడిగాడు. "ఏం చేస్తావు బేటీ? ఛైర్మన్ సాబ్ వచ్చే రోజుకి బంపరు ఇలాగే ఉంటుంది."

"ఏముంది భాయ్, ఇంటికెళ్లి ఇడ్లీలు వేస్తాను," అంది నూకరత్నం. నవ్వుతూనే అని, బంపరు మీది చుక్కలు తుడవడం మొదలుపెట్టింది.

*

ఛైర్మన్ గారు వచ్చారు. ప్రారంభోత్సవం అంటే మరి పూజ ఉండాలి. మిషనుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పూజ దగ్గర రబ్బరు షీటు బాగుండదని పరాంకుశం గారే స్వయంగా దాన్ని బూత్ ముందుభాగంలో చుట్టించి పక్కన పెట్టించారు. గచ్చు కడిగి ముగ్గు వేశారు.

ఛైర్మన్ గారు, పరాంకుశం గారు, కోదండపాణి గారు బూత్ గుమ్మం దగ్గర రబ్బరు బూట్లు విప్పేశారు. వట్టి కాళ్లతో తడి గచ్చు మీదకి నడిచారు.

నూకరత్నం గుమ్మం దగ్గరికొచ్చి కేకేసింది. "సార్! సార్! బూట్లు వేసుకోండి సార్!"

కోదండపాణి గారు వెనక్కి తిరిగి మందలింపుగా చూశారు. "పూజ దగ్గర చెప్పులేమిటమ్మా? ఆమాత్రం తెలియదా?"

"అది కాదండీ, బూత్‌లో మీరు ముగ్గురే..."

"ష్, హారతి!"

పూజారి కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లు గచ్చు మీద పారాయి, ఛైర్మన్ గారి పాదాల దాకా వచ్చాయి. హారతి ఇచ్చి, కర్పూరం ఆరాక, పూజారి పళ్లెం పట్టుకుని బయటికి వచ్చేశాడు. ముగ్గురూ బంపరు ముందు ఫోటో కోసం వరసగా నిలబడ్డారు. ఛైర్మన్ గారు పచ్చ బటను నొక్కి, కళ్లు మూసుకుని చేతులు జోడించారు. పెద్దాయన మూశారు కదా అని మిగతా ఇద్దరూ మూశారు.

రెండు గన్నులూ పనిలోకి దిగాయి. పసుపు పొగ ఎప్పటిలాగే బంపరు వైపు బయల్దేరింది. దారిలో దానికి ఆ ఆవరణ మొత్తంలో రబ్బరు లేని మూడు శరీరాలు కనిపించాయి.

నూకరత్నం పరుగెత్తుకెళ్లి ఎర్ర బటను నొక్కేసరికి అయిపోయింది. గన్నులు ఆగాయి. బూత్‌లో ముగ్గురు మనుషులు పసుపుపచ్చగా, నున్నగా, ఒక్క చుక్క కారకుండా నిలబడి ఉన్నారు. పెళ్లికొడుకుని చేసే పీట మీంచి లేచి వచ్చినట్టున్నారు ముగ్గురూ. వాళ్ల వెనకాల బంపరు మాత్రం నల్లగా, శుభ్రంగా ఉంది.

ఛైర్మన్ గారు మెల్లగా కళ్లు తెరిచారు. పసుపు మొహంలో తెల్లగా రెండు కళ్లు. చేతులు చూసుకున్నారు. మోచెయ్యి తిప్పి వెనక వైపు చూసుకున్నారు. చెవి వెనకాల వేలు పెట్టి తీసి చూశారు. వేలికి పసుపు.

"నేను ఇటు తిరిగి కదా నిలబడ్డాను?" అన్నారు.

"అవునండి," అంది నూకరత్నం.

"మరి వెనకాల చెవి సందులోకి ఎలా వచ్చింది?"

"చుట్టుకుంటుందండి. అదేనండి ఈ పద్ధతి గొప్పతనం."

ఛైర్మన్ గారు రాజకీయాల్లోకి రాకముందు ఇనప బీరువాల వ్యాపారం చేసినవారు. రంగు ఖర్చు తెలిసినవారు. పరాంకుశం గారిని భుజం పట్టుకుని ఒక చుట్టు తిప్పి చూశారు. మెడ మడతల్లో కూడా సమానంగా పడింది.

"అంటే మిషను పనిచేస్తోంది."

"చాలా బాగా పనిచేస్తోందండి."

"బంపరు మీద మాత్రం చెయ్యడం లేదు."

"లేదండి."

"చూడండి పరాంకుశం గారూ," అన్నారు ఛైర్మన్ గారు, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. "నా మీద ఎంత బాగా పడిందో, బంపరు మీద కూడా అంత బాగా పడాలి. నెలాఖరు లోపల. ఎలా పడుతుందో మీరే చూసుకోండి."

నీళ్ల రంగు కాబట్టి కడిగితే పోయింది. కోదండపాణి గారి కనుబొమల్లో మాత్రం కొన్నాళ్లు మిగిలింది.

*

కమిటీ వేశారు. అధ్యక్షులు పరాంకుశం గారు, సభ్యులు కోదండపాణి గారు. వివరణ ఇచ్చుకోవడానికి నూకరత్నం.

"దీనికి పెద్ద ఆలోచన అక్కర్లేదండి," అంది. "ఆ వార్నిషు మానేసి, కొక్కేలకి గొట్టాలు, పట్టాకి టేపు విప్పించి, రాగి తీగ మళ్లీ బిగిస్తే చాలండి."

"అంటే సర్క్యులరు తప్పంటావా?" అన్నారు కోదండపాణి గారు.

"నేను అలా..."

"జారీ అయిన సర్క్యులరు తప్పు కాజాలదు. తప్పయితే జారీ కాదు."

పరాంకుశం గారు రాజీ కోసం కళ్లు మూసుకున్నారు. "అసలు ఛైర్మన్ గారిలో ఉన్నదీ, బంపరులో లేనిదీ ఏమిటి?"

"నేలతో సంబంధం అండి. వాళ్ల కాళ్లు నేల మీద ఉన్నాయి. బంపరుకి కాళ్లు లేవు."

"కాళ్లు ఉన్నవారెవరైనా ఒక చెయ్యి బంపరు మీద వేస్తే?"

నూకరత్నం కుదరదని చెప్పి ఉండాల్సింది. కానీ అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పే గుణం కదా. "బంపరు మీద అక్కర్లేదండి. పట్టా కొస బూత్ బయటికి దిగి ఉంటుంది కదండీ, అక్కడ టేపు విప్పి చెయ్యి వేస్తే చాలు. వట్టి కాళ్లతో ఉండాలి. మనిషికి ఏమీ కాదు, చాలా తక్కువ కరెంటే పోతుంది. కానీ మనిషెందుకండీ, తీగ..."

"తీగ వస్తువు," అన్నారు కోదండపాణి గారు, కళ్లు మెరుస్తుండగా. సర్క్యులరు తీసి వేలితో చూపించారు. "'సమస్త వస్తువులను' అని ఉంది. అధికారి వస్తువు కాదు. కనుక అధికారి విద్యుత్తును వహించవచ్చును!"

పరాంకుశం గారు కళ్లు తెరిచారు. చాలాకాలం తర్వాత ఆ గదిలో అందరూ ఒక్క మాట మీదకి వచ్చారు. పట్టాను అధికారి చేతి ఆధారం అన్నారు కాబట్టి దానికి టేపు, దాంతో పాటు కొక్కేలకి గొట్టాలు అక్కర్లేకపోయాయి. డబ్బా మీద 'విద్యుద్వాహక' అన్న మాట మీద సున్నం కొట్టించి, 'నల్ల పూత' అని రాయించారు. నల్ల పూత మీద వార్నిషు వేయాలని ఏ సర్క్యులరులోనూ లేదు. పోస్టు పేరు కోదండపాణి గారే పెట్టారు. భూసంపర్కాధికారి.

"ఎవరిని వేద్దాం?" అన్నారు పరాంకుశం గారు.

కోదండపాణి గారు తన కాళ్ల వైపు చూసుకుని, వాటిని కుర్చీ కిందకి లాక్కున్నారు. "నాకు ఆనెలున్నాయి సార్. ఈ అమ్మాయికైతే విషయం తెలుసు."

"ఈమె ప్రొబేషనులో ఉందే! ప్రొబేషనులో ఉన్నవారిని భూమికి కలపడానికి సర్వీసు రూల్సు ఒప్పుకుంటాయా?"

రూల్సు పుస్తకం తిరగేశారు. ఒప్పుకుంటాయనీ లేదు, ఒప్పుకోవనీ లేదు. ఎందుకైనా మంచిదని నూకరత్నాన్ని ఆ సాయంత్రమే పర్మినెంటు చేసి, మర్నాటి పొద్దున భూమికి కలిపారు.

"అయ్యిందమ్మా," అంది నూకరత్నం తల్లితో ఫోనులో.

"అమ్మయ్య! ఇంక నాను ఈదిలో తలెత్తుకు తిరగొచ్చు. పనేటే?"

"ఒక చెయ్యి ఇనప పట్టా మీద పెట్టి నిలబడ్డం."

"కూకోనిత్తారేటి?"

"కూర్చోవచ్చు. కాళ్లు నేలకి ఆనాలి."

"మరింకేటి! ఇడ్లీ బండి కాడ నిలబడ్డం కన్నా సులువే కదా," అంది తల్లి. తర్వాత గొంతు తగ్గించి, "దీనికి ఇంజనీరు సదువెందుకే?" అని అడిగింది.



*

లైను నడిచింది. నల్ల పూత పూసిన బంపరు బూత్‌లోకి రావడం, నూకరత్నం అద్దం బయట వట్టి కాళ్లతో స్టూలు మీద కూర్చుని పట్టా కొస పట్టుకోవడం, మస్తాన్ భాయ్ బూట్లు విప్పి పారేసి గన్ను నొక్కడం. పసుపురంగు పరుగెత్తుకొచ్చి బంపరుని ముందూ వెనకా కావలించుకునేది. ఒక్క చుక్క నేల మీద పడేది కాదు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. కానీ రంగు మందం కొలవాలంటే చెయ్యి ఖాళీ లేదు. రంగు చిక్కదనం చూడాలంటే లేవడానికి లేదు. ఆమె అన్నానికి లేస్తే లైను ఆగేది.

"నాలుగేళ్లు చదివి తీగవయ్యావు బేటీ," అన్నాడు మస్తాన్ భాయ్. "ఇంకో రెండేళ్లు చదివుంటే స్విచ్చు అయ్యేదానివి."

ఆమె పళ్లు నూరింది. నవ్వొచ్చింది కూడా.

బంపర్లు బాగున్నాయన్న మాట పై ఆఫీసు దాకా వెళ్లింది. "మీ భూసంపర్కాధికారి ఎవరు?" అని ఫోను వచ్చింది. ఛైర్మన్ గారు కూడా అడిగారు. జనరల్ మేనేజరు ఎవరని మాత్రం ఎవరూ అడగలేదు. పరాంకుశం గారు అది గమనించారు.

అలాంటి సమయంలో నూకరత్నం ఒక రోజు సెలవడిగింది. రంగు డబ్బాల్లో తేడా వస్తోందనీ, సప్లయరు దగ్గరికి వెళ్లి చూడాలనీ నిజమే చెప్పింది.

"మరి ఆ రోజు భూమి ఎవరు?" అన్నారు పరాంకుశం గారు. అందరూ కాళ్లు కుర్చీల కిందకి లాక్కున్నారు. "సరే. అంత కీలకమైన బాధ్యత ఎవరికి పడితే వారికి అప్పగించలేం. నేనే చూస్తాను."

మర్నాడు పరాంకుశం గారు ప్యాంటు అంచులు మడిచి, సాక్సులు విప్పి జేబులో పెట్టుకుని, స్టూలు మీద కూర్చున్నారు. అరిచేయి పట్టా మీద పెట్టారు. మొహం తిప్పేసుకున్నారు.

"వదలమంటారా సార్?" అన్నాడు మస్తాన్ భాయ్.

"వదులు. చెప్పి వదులు."

"వదులుతున్నా సార్."

ఏ షాకూ కొట్టలేదు. పరాంకుశం గారు ఒక కన్ను తెరిచారు. ఎదురుగా నల్లటి బంపరు. దాని మీదకి పసుపు మబ్బు ఒకటి ఒరిగింది. చూస్తుండగా అంచులు, మూలలు, వెనక మడతలు అన్నీ పసుపెక్కాయి. కాసేపటి క్రితం ఏమీ కానిది ఇప్పుడు బంపరు. ఎవరైనా తీసుకెళ్లి బస్సుకి బిగించుకోవచ్చు.

ఆయన చెయ్యి తీసి చూశారు. రంగు గాల్లో తచ్చాడి కింద పడబోయింది. గబుక్కున మళ్లీ చెయ్యి పెట్టారు. రంగు మళ్లీ బంపరుకి చుట్టుకుంది.

"మస్తానూ," అన్నారు పరాంకుశం గారు, బంపరు మీంచి చూపు తిప్పకుండా. "ఇది నేను చేస్తున్నానా?"

"మీరే సార్. మీరు లేకపోతే పడదు."

"నేను లేకపోతే పడదా?"

"చూశారు కదా సార్."

"ఇంకోటి పంపు," అన్నారు పరాంకుశం గారు.

సాయంత్రం సైరను మోగినా ఆయన లేవలేదు. మర్నాడు నూకరత్నం తిరిగొచ్చేసరికి ఆర్డరు సిద్ధంగా ఉంది. "సదరు పదవి యొక్క అత్యంత ప్రాముఖ్యత దృష్ట్యా, అట్టి బాధ్యతలను ఇకపై జనరల్ మేనేజరు స్వయముగా నిర్వహించును. కుమారి నూకరత్నం పర్మినెంటు ఇంజనీరు హోదాలో రంగు నాణ్యత పరిశీలనకు మాత్రమే పరిమితము కావలెను." కోదండపాణి గారు సీనియారిటీలో తర్వాతి పేరు తనదేనని, జి.ఎం. గారు సెలవు పెట్టిన రోజు తనకి అవకాశం ఇవ్వాలని దరఖాస్తు పెట్టుకున్నారు. ఆనెలకి మందు కూడా వాడుతున్నారట. కానీ జి.ఎం. గారు సెలవు పెడితే కదా.

నూకరత్నం మందం కొలిచే మీటరు తీసుకుని, రెండు చేతులూ ఖాళీగా, ఎండిన బంపర్ల వరస వెంట నడవడం మొదలుపెట్టింది. మొదటి బంపరు ముందు వైపు కొలిచింది. వెనక వైపు కొలిచింది. రెండూ ఒక్కటే.

ఆ మధ్యాహ్నం ఎవరో పెద్దమనిషి జనరల్ మేనేజరు గారిని కలవాలని వచ్చి, ఖాళీ కుర్చీ చూసి అటెండరుని అడిగాడు.

"సారు పనిలో ఉన్నారండి," అన్నాడు అటెండరు, తన సర్వీసంతా వచ్చిన వాళ్లందరికీ చెప్పినట్టే. చెప్పాక తనే ఆశ్చర్యపోయి, "నిజంగానేనండి," అని కలిపాడు.